సెన్సార్ మీద సున్నం

మా కోడలు జాహ్నవి కాపురానికి తెచ్చుకున్న పెట్టెలో, చీరల అడుగున ఇంకో చిన్న పెట్టె ఉంది. అందులో రంగురంగుల వైర్లు, రెండు వేళ్ళంత పచ్చ బోర్డులు, వైర్లకు టంకం పెట్టే కడ్డీ ఒకటి. నా భార్య నారాయణమ్మ ఆ కడ్డీని చూసి జుట్టుకు వంకీలు పెట్టుకునే మిషన్ అనుకుంది. చెంప దగ్గర పెట్టుకుని అద్దంలో చూసుకుంటుంటే కోడలు పరుగెత్తుకొచ్చి లాక్కుంది. "అత్తా, అది ప్లగ్గులో ఉండింటే నీ సెంప కాలిపోయేది" అని ఒకటే నవ్వు. అత్తాకోడళ్ళకు స్నేహం కుదిరింది అక్కడే.

నా పేరు రామప్ప. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం దారుల్లో ఏ మలుపులో ఎంత గుంత ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలను. నాకు కోపం తొందరగా వస్తుంది, పోవడం నిదానం. ముఖ్యంగా మూత తెరవనివ్వని వస్తువులంటే ఒళ్ళు మంట. పాత రేడియో చెడిపోతే స్క్రూలు విప్పి దుమ్ము దులిపేవాళ్ళం. ఇప్పటి ఫోన్లకు స్క్రూలే కనపడవు. చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కోమంటారు. మన వస్తువు లోపల ఏముందో మనం చూడకూడదట. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాదు.

అందుకే కోడలి పిచ్చి నాకు నచ్చింది. మదనపల్లెలో మా వాడు లోకేష్ పనిచేసే షోరూం పక్కన పాత కంప్యూటర్ల కొట్టు ఉంది. ఇక తూకానికి వేయాల్సిందే అని ఆ కొట్టువాడు మూల పడేసిన ల్యాప్‌టాప్ ఒకటి తెప్పించుకుంది. దానిలో లినక్స్ అనేదేదో ఎక్కించింది. చచ్చిందనుకున్నది లేచి కూర్చుంది.

"ఇది ఎవరిచ్చినారమ్మా?" అని అడిగాను.

"ఊరికే ఇస్తారు మామా. ఊరికే అంటే దుడ్డు లేకపోవడం ఒకటే కాదు. లోపల ఏం రాసిండారో మనం సూడచ్చు. మనకు కావల్సినట్ల మార్చుకోవచ్చు. మార్చింది ఇంకొకరికి ఇయ్యచ్చు."

"ఊరికే ఇచ్చేదాన్ని ఎవడు బాగుసేస్తాడు?"

"వాడుకునేవాళ్ళే. తప్పు కనపడితే అందరికీ తెలిసేటట్ల రాస్తారు. ఎవురికో ఒకరికి మందు తెలిసిండాది కదా."

బండి బోనెట్ తెరిచి ఉంచినట్టే అనుకున్నాను. నాకు అంతకంటే వివరం అక్కరలేకపోయింది.

మాకు పుంగనూరు దగ్గర, పెద్దపంజాణి దారిలో కొంచెం భూమి ఉంది. రిటైరైనాక మల్బరీ పెట్టి, పట్టుపురుగుల షెడ్డు కట్టుకున్నాం. షెడ్డుకు యజమాని నారాయణమ్మ. నేను ఆమె దగ్గర కూలీని, అదీ తిట్లు తినే కూలీని. పట్టుపురుగు పెంచడమంటే పసిబిడ్డను పెంచడమే. ఎండ ఎక్కువైనా పడదు, చలి పడదు. గాలిలో తేమ తగ్గితే మేత వాడిపోతుంది, ఎక్కువైతే జబ్బులొస్తాయి. తేమ కోసం తడి గోనెపట్టలు వేలాడదీసి, అవి ఆరినప్పుడల్లా లేచి నీళ్ళు చల్లేవాళ్ళం. పంట ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ సరైన నిద్ర ఉండేది కాదు.

జాహ్నవి ఒక పచ్చ బోర్డుకు తేమ కొలిచే సెన్సార్ తగిలించింది. అగ్గిపెట్టెకంటే చిన్నది, తెల్లటి ప్లాస్టిక్, ముందు జల్లెడలాంటి కన్నాలు. షెడ్డు పైకప్పు కింద సన్నటి పైపు లాగి, మంచులాంటి తుంపర కొట్టే నాజిళ్ళు పెట్టింది. గాలి పొడిబారితే తుంపర దానంతటదే మొదలవుతుంది, తేమ చాలితే ఆగిపోతుంది. అద్దం పగిలిన నా పాత ఫోనును గోడకు తగిలించి, అందులో తేమ గీత కనపడేట్టు చేసింది. ఆ పంటకు మేము హాయిగా నిద్రపోయాం. గూళ్ళు కూడా గట్టిగా వచ్చాయి. నారాయణమ్మ దారిన పోయేవాళ్ళనందరినీ పిలిచి, "మా కోడలు సేసింది" అని ఆ ఫోను చూపించింది.

జాహ్నవి దాన్ని దాచుకోలేదు. ఏ వైరు ఎక్కడ కలపాలో బొమ్మ గీసి, రాసిన ప్రోగ్రామంతా నెట్‌లో పెట్టింది. అంతా తెలుగులో, కింద తన పేరు, మా ఊరి పేరు. ఎవరు చూస్తారులే అనుకున్నాను. కుప్పం దగ్గరి పల్లె నుంచి ఉమాపతి అనే రైతు చూశాడు, చూసి తన షెడ్డులో తయారుచేసుకున్నాడు. ఒకరోజు మైసూర్‌పాకు పొట్లం పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. నన్ను చూసి, "మిషన్ సేసిన సారు మీరేనా?" అన్నాడు. నేను కోడలి వైపు చెయ్యి చూపించాను. అప్పటినుంచి వాళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఏ కొత్త మార్పు చేసినా ఇద్దరి షెడ్లలో ఒకేసారి జరిగేది.

ఈ పంటకు జాహ్నవి ఒక మార్పు చేసింది. సెన్సార్ గోడమీద పైన ఉంటే పురుగులున్న చోటి తేమ సరిగ్గా తెలియడం లేదని, దాన్ని కిందికి దించి అరల మధ్య, పురుగుల పడకకు జానెడు ఎత్తులో కట్టింది. మాటలో తప్పేం లేదు. ఆ మార్పు నెట్‌లో రాసింది. మర్నాటికి ఉమాపతి కూడా తన సెన్సార్ కిందికి దించానని ఫోటో పంపాడు.

ఇక్కడ జ్వరం సంగతి చెప్పాలి. పట్టుపురుగు పెరిగేలోగా నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. అప్పుడు మేత మానేసి, తల పైకెత్తి కదలకుండా పడుంటుంది. మా వైపు దాన్ని జ్వరం అంటాం. జ్వరంలో పడక పొడిగా ఉండాలి. అందుకని సన్నటి సున్నం చల్లి, తలుపు మూసి, పురుగుల జోలికి పోకుండా ఉంటాం. లేచినాకే మళ్ళీ మేత. ఇది జాహ్నవికి తెలుసు, అందుకే మిషన్‌కు జ్వరం బటన్ ఒకటి పెట్టింది. అది నొక్కితే, గాలి మరీ ఎండిపోతే తప్ప తుంపర రాదు.

నాలుగో జ్వరానికి నారాయణమ్మ ఎప్పటిలాగే పల్చటి గుడ్డలో సున్నం మూటకట్టి, చెయ్యి పైకెత్తి దులుపుతూ షెడ్డంతా తిరిగింది. జాహ్నవి బటన్ నొక్కింది. నేను తలుపు మూశాను. మదనపల్లెలో మా బావమరిది కొత్తింట్లో పాలు పొంగిస్తుంటే ముగ్గురం పోయి, ఒక పూట ఉండి, నిమ్మళంగా వచ్చాం. పంట మధ్యలో చుట్టాలింటికి పోవడం మాకు అదే మొదలు.

వచ్చి తలుపు తీస్తే లోపల బాత్‌రూం వాసన. తుంపర సర్రుమని కొడుతూనే ఉంది. సున్నం మెత్తటి ముద్దయి పడకకు అంటుకుపోయింది. జాహ్నవి ఉరికి స్విచ్చి ఆపింది. జ్వరం బటన్ సరిగ్గా పడలేదేమో అనుకున్నాం. పురుగులు జ్వరం నుంచి లేచాయి, మేతా తిన్నాయి. గండం గడిచిందనుకున్నాం. కొన్ని రోజులకు ఒకటొకటే ఒళ్ళు ఉబ్బి, అరల అంచుల వెంట దిక్కులేకుండా పాకడం మొదలుపెట్టాయి. వేలు తగిలితే చర్మం చిట్లి పాలు కారాయి. చంద్రికలనే వెదురు తట్టలెక్కి గూడు కట్టాల్సిన పురుగులను గంపలకెత్తి, తోట చివర గుంత తీసి పూడ్చాం. నారాయణమ్మ ఆ గుంత పక్కనే కూలబడింది. నేను లేపలేదు. నాకూ అక్కడ కూర్చోవాలనే ఉంది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఆమె ఒకటే మాట చెప్పింది.

"పోయిన పంట మాట గడప దాటకూడదు. ఎవురన్నా అడిగితే ఈసారి తక్కువ పెట్టినాం అనండి."

ఇది ఆమె ఒక్కదాని పద్ధతి కాదు. మా చుట్టుపక్కల పట్టు పెంచే ఇళ్ళన్నిటిలోనూ ఇంతే. జబ్బుతో పంట పోయిందని తెలిస్తే జనం ఆ ఇంటి మనుషులను చూసి దూరం జరుగుతారు. మన కాళ్ళతో, బట్టలతో జబ్బు వాళ్ళ షెడ్డుకు ఎక్కడ పాకుతుందోనని భయం. ఆ భయం తప్పు కాదు, నిజంగానే పాకుతుంది. అందుకని పోగొట్టుకున్నవాళ్ళు నోరు కట్టుకుంటారు, తెలిసినవాళ్ళు అడగరు. అందరం ఎవరి గుంత వాళ్ళే తీసుకుని పూడ్చుకుంటాం.

మర్నాడు పొద్దున జాహ్నవి సెన్సార్ ఊడదీసి వాకిట్లో మెట్టు మీద కూర్చుంది. పంట పోయినప్పటినుంచి ఆ పిల్ల కంట నీళ్ళు చూడలేదు నేను. అది నాకు దిగులుగా ఉంది.

"మామా, ఇది సూడు" అంది.

పగిలిన ఫోనులో ఆ జ్వరం రోజుల గీత చూపించింది. తుంపర ఆగకుండా కొట్టినా, గాలి ఎండిపోయిందనే చూపిస్తూ గీత అడుగునే పడుకుంది. నా కళ్ళెదురుగానే సెన్సార్‌ను నీళ్ళ బకెట్ మీద పట్టుకుంది. గీత కదల్లేదు. పాత టూత్‌బ్రష్ తీసుకుని జల్లెడ కన్నాల మీద మెల్లగా తోమింది. తెల్లటి పొడి రాలింది. మళ్ళీ బకెట్ మీద పట్టుకుంటే గీత నిలువునా పైకి లేచింది.

"సున్నం" అంది. "పై గోడమీద ఉన్నన్నాళ్ళు దీనికి తగల్లేదు. నేను కిందికి దించినాను. కన్నాలన్నీ పూడిపోయినాయి. లోపల ఎండిపోయిందనుకుని అది తుంపర కొడతానే ఉండాది."

గడపలో నిలబడి వింటున్న నారాయణమ్మ మొహం మాడిపోయింది. "అంటే నేను సల్లిన సున్నమేనా సంపింది?" అంది.

"కాదత్తా. నేను పెట్టిన సోటు."

ఆమెకు ఆ మాట ఎక్కలేదు, విసురుగా లోపలికి పోయింది. ఆ విసురులో ఉన్నది కోపం కాదని ఇన్నేళ్ళు కాపురం చేసినవాడిని నాకు తెలుసు.

అప్పుడే జాహ్నవి ఫోను మోగింది. ఉమాపతి పంపిన మెసేజి. అది చదివి పిల్ల లేచి నిలబడింది, ఒళ్ళోని స్క్రూలు మెట్ల మీద దొర్లిపోయాయి. నేను ఫోను తీసుకుని చదివాను. "చెల్లెమ్మా, నిన్న సాయంత్రం నాలుగో జ్వరానికి సున్నం చల్లి బటన్ నొక్కి తలుపేసినాం. బెంగళూరులో పెళ్ళికి పోతాండాను. నీ మిషన్ ఉండంగా నాకేం దిగులు."

వెంటనే ఫోను చేస్తే, ఛార్జి అయిపోయిందో ఏమో, స్విచ్చాఫ్. వాళ్ళమ్మ నంబరుకు చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆ ఊళ్ళో మాకు ఇంకెవరూ తెలియదు.

"ఈడ్నుంచి ఆపలేవా దాన్ని?" అన్నాను.

"ఇంకొకరి మిషన్‌లోకి నేను సెయ్యి పెట్టే దారి పెట్టలేదు మామా. పెట్టకూడదు కూడా." చెప్పులు వేసుకుంటూనే అంది. "కుప్పం పోవాల. ఇప్పుడు పోతే వాళ్ళది బతకచ్చు."

నారాయణమ్మ మళ్ళీ గడపలోకి వచ్చింది. "పోయేదానికి నేనేం అడ్డం లేదు. మిషన్‌లో తప్పుండాది, సరిసేసేదానికి వచ్చినానని సెప్పు. పంట పోయిందని మాత్రం అనొద్దు. అంటే ఆ ఇంటోళ్ళు నిన్ను షెడ్డు దగ్గరికి రానిస్తారా? నువ్వైతే రానిస్తావా? సెప్పకుండా పోయి, తుడిసి, ఆపేసి రా. వాళ్ళ పంటా నిలబడతాది, మన మాటా నిలబడతాది."

ఆ మాట నాకూ న్యాయంగానే తోచింది. నేనూ జాహ్నవీ మళ్ళీ తలస్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, పుంగనూరులో పలమనేరు బస్సెక్కాం. అక్కడ మారి, వి.కోట మీదుగా కుప్పం.

దారంతా ఆ పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అడపాదడపా ఉమాపతికి ఫోను చేసి చూస్తోంది. డ్రైవరు గేరు మార్చినప్పుడల్లా నా కాలు నేలమీద దానంతటదే నొక్కుతోంది. వి.కోట దాటాక ఉండబట్టలేక అన్నాను.

"డ్యూటీ దిగేటప్పుడు బండిని ఇంకో డ్రైవరుకు ఇస్తాం కదమ్మా. తాళంచెవి సేతిలో పెట్టి పోతే సాలదు. బ్రేకు ఎట్ల పడతాండాది, స్టీరింగు యాపక్కకు లాగతాండాది, అన్నీ సెప్పి పోవాల. మన సేతిలో బండికి దెబ్బ తగిలింటే అదీ సెప్పాల. ఎవురికీ ఇష్టముండదు. సెప్పకపోతే కొండ దిగేటప్పుడు తెలిసేది వానికి."

"తెలుసు మామా" అంది. "లోపలికి రానియ్యకపోతే ఎట్లా అని సూస్తాండాను."

ఉమాపతి వాళ్ళ ఇల్లు ఊరి చివర, తోటలోనే. ఆటో దిగేసరికే షెడ్డులోంచి సర్రుమనే చప్పుడు వినపడింది. జాహ్నవి నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఉమాపతి తల్లి వెంకటరత్నమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పొడుగాటి మనిషి, నడుముకు తాళంచెవుల గుత్తి. మేము ఎవరమో చెప్పగానే చాట పక్కన పెట్టి లేచింది.

"మిషన్ సేసిన పాపవు నువ్వేనా! మావోడు నీ పేరే జపం సేస్తాండాడు. రా తల్లీ, రా, లోపల సూద్దువు గానీ. ఎంత సల్లగా పెట్టిండాదో."

ముందు నడిచి, గుత్తిలోంచి చెవి తీసి షెడ్డు తాళం తెరిచింది. ఒక రెక్క తెరుచుకుంది. లోపలి తడి గాలి మా మొహాలకు తగిలింది. గుమ్మంలోంచే సెన్సార్ కనపడుతోంది. నాలుగు అడుగులు వేసి వేలితో తుడిస్తే సరిపోతుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నారాయణమ్మ చెప్పింది ఎంత సులువో అప్పుడు అర్థమైంది నాకు. నిజం చెప్పాలంటే, పోయి తుడిచేస్తే బాగుండునని నా మనసు కూడా ఆ క్షణం లాగింది.

జాహ్నవి గుమ్మం దాకా పోయి ఆగింది. వెనక్కి నడిచి, వాకిలి దాటి, కంచె దగ్గర నిలబడింది.

"అమ్మా, నేను లోపలికి రాకూడదు. మా పంట పోయింది. పాలు కారే జబ్బు. నిన్ననే పూడ్చినాము."

వెంకటరత్నమ్మ తలుపు రెక్క ధడాలున మూసి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"జబ్బు ఇంటి నుంచి వచ్చి నా షెడ్డు గుమ్మం తొక్కుతావా? యాల వచ్చినారు మీరు? ఏమప్పా, పెద్దోనివి, నీకన్నా తెలీదా?"

"స్నానం సేసి వచ్చినామమ్మా..." అంటున్నాను నేను. ఆమె వినడం లేదు.

"ఆ మిషన్ వల్లనే పోయిందమ్మా" అని కంచె దగ్గరి నుంచి గట్టిగా చెప్పింది జాహ్నవి. "నేను రాసిన మార్పు వల్లనే. సున్నం పడి దాని కన్నాలు పూడిపోయినాయి. లోపల ఎండిపోయిందనుకుని నీళ్ళు కొడతానే ఉండాది. మీ షెడ్డులో ఇప్పుడు జరగతాండేది అదే. అన్నకు ఫోను కలవలేదు, అందుకే వచ్చినాను."

"మావోడు దాన్ని ముట్టుకోవద్దన్యాడు."

"నేను సెప్పినాననే అన్నాడమ్మా ఆ మాట."

లోపల తుంపర కొడుతూనే ఉంది. వెంకటరత్నమ్మ ఆ పిల్లను ఎగాదిగా చూసింది. చూడగానే దండం పెట్టబోయినంత పని చేసిన మనిషి, ఇప్పుడు దొంగను చూసినట్టు చూస్తోంది. నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంత దూరం వచ్చి నిజం చెప్పినందుకా ఈ చూపు అని అరవబోయాను. జాహ్నవి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది.

"నన్ను నమ్మొద్దులేమ్మా" అంది. "లోపలికి పోయి పడక మింద సెయ్యి పెట్టి సూడు. సున్నం పొడిగా ఉంటే తాళం ఏసుకో, మేము పోతాము."

ఆమె మా మీద ఒక కన్ను వేసే ఉంచి, సగం తలుపు తీసి లోపలికి దూరింది. బయటికి వచ్చేసరికి వేళ్ళ నిండా తెల్లటి ముద్ద. ఆ వేళ్ళను పైకెత్తి మా వైపు చూపించింది. మొహంలో కోపం లేదు, భయం ఉంది.

"ఏం సెయ్యాల?" అంది.

ఆ తర్వాత జాహ్నవి కంచె అవతల నిలబడి ఒక్కొక్కటే చెప్పింది, ఆమె లోపలికీ బయటికీ తిరుగుతూ చేసింది. ఎర్ర స్విచ్చి కిందికి నొక్కింది, తుంపర ఆగింది. కిటికీలన్నీ తెరిచింది. పొడి సున్నం తెచ్చి పల్చగా చల్లింది. సెన్సార్‌ను ఊడదీసి, బయటికి తెచ్చి, వాకిట్లో ఒక రాతి మీద పెట్టి వెనక్కి జరిగింది. జాహ్నవి అప్పుడు వచ్చి తీసుకుని బ్రష్‌తో తోమింది. "ఇది ఈ పంటకు వద్దమ్మా. స్విచ్చి నీ సేతిలోనే పెట్టుకో" అని మళ్ళీ రాతి మీదే పెట్టింది.

పొద్దు వాలేదాకా అక్కడే కంచె పక్కన కానుగ చెట్టు కింద కూర్చున్నాం. వెంకటరత్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అదే రాతి మీద పెట్టింది, చేతికివ్వలేదు. నేను ఏమీ అనుకోలేదు. ఆమె స్థానంలో నారాయణమ్మ ఉన్నా అంతే చేసేది. ఆఖరికి లోపలికి పోయి వచ్చి, "ఆరతాండాది" అంది. మేము లేచాం.

కొంచెం దూరం నడిచాక వెనకనుంచి పిలిచింది.

"పాపా! మీ పురుగులు... నాలుగో జ్వరం దాకా బాగా మేసినాయా?"

జాహ్నవి వెనక్కి తిరిగింది. పంట పోయినవాళ్ళను ఎవరూ అడగని మాట అది. మా ఇంట్లో మేము కూడా ఒకరినొకరం అడగలేదు.

"బాగా మేసినాయమ్మా" అంది. "రాత్రిపూట మేస్తాంటే వాన పడినట్ల సప్పుడు." అంతే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. వెంకటరత్నమ్మ రెండడుగులు ముందుకు వేసి, షెడ్డు గుర్తొచ్చి ఆగిపోయింది. అక్కడే నిలబడి ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది.

ఉమాపతి ఆ సాయంత్రం మేము బస్సులో ఉండగా ఫోను చేశాడు. ఆయన పంట అంతా దక్కలేదు, అక్కడక్కడా జబ్బు తగిలింది. అయినా ఎక్కువ భాగం చంద్రికలెక్కింది. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మర్నాడు నారాయణమ్మ ఖాళీ షెడ్డులో అరలన్నీ మందునీళ్ళు పోసి బ్రష్‌తో రుద్ది కడుగుతోంది. కుప్పంలో ఏం జరిగిందో నేను ముందురోజే చెప్పాను. విని, లేచి అన్నం పెట్టింది. జాహ్నవి షెడ్డు గుమ్మంలో ల్యాప్‌టాప్ పెట్టుకుని రాస్తోంది. రాయడం అయ్యాక, నెట్‌లో పెట్టేముందు ఒకసారి చూడమని నాకు ఇచ్చింది. నేను కావాలనే పైకి చదివాను.

"ఈ మిషన్ తయారుచేసుకున్నవాళ్ళకు గమనిక. ఈ మార్పు వల్ల మా షెడ్డులో పంట మొత్తం పోయింది. సెన్సార్‌ను పడక దగ్గర కట్టవద్దు. జ్వరానికి చల్లిన సున్నం కన్నాల్లో పేరుకుని, గాలి ఎండిపోయినట్టు తప్పుగా చూపించింది. తుంపర ఆగలేదు. సున్నం చల్లడం తప్పు కాదు, అది చల్లవలసిందే. సెన్సార్‌ను అక్కడికి దించడం తప్పు. దించింది నేను. సున్నం చల్లేముందు సెన్సార్‌కు గుడ్డ కప్పి, తర్వాత తీసి, తడి బట్ట దగ్గర పట్టి పరీక్షించండి. జ్వరంలో మిషన్‌ను నమ్మి ఊరికి పోకండి." కింద తన పేరు, మా ఊరి పేరు.

బ్రష్ చప్పుడు ఆగింది. నారాయణమ్మ మా వైపు వీపు పెట్టి నిలబడే ఉంది. గడప దాటకూడదన్న మాట ఊరి పేరుతో సహా లోకమంతా తిరగబోతోంది. ఇక తిట్లు మొదలవుతాయని నేను చెవులు గట్టి చేసుకున్నాను.

"సున్నం సల్లిందెవురో రాయలేదే?" అంది.

"అది అక్కర్లేదత్తా" అంది జాహ్నవి.

"యాల అక్కర్లేదు? గుడ్డలో మూటకట్టి, సెయ్యి పైకెత్తి దులిపినాను నేను. అట్ల దులిపితే పొగ మాదిరి లేసి అన్నిటి మిందా పడతాది. జల్లెడతో కింద సల్లింటే అంత లేసేది కాదు. నా మాదిరి దులిపేవాళ్ళు ఇంకా ఎంతమంది ఉండారో. అది రాయకపోతే వాళ్ళకు ఎట్ల తెలుస్తాది?"

జాహ్నవి తల వంచుకుని టైపు చేసింది. "మా అత్త మూటతో పైనుంచి సున్నం చల్లారు అని పెట్టినాను. సాలా అత్తా?"

నారాయణమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి, కోడలి భుజం మీదుగా వంగి ఆ అక్షరాల వైపు చూసింది.

"అత్త అంటే ఎవురికి తెలుస్తాది? నారాయణమ్మ అని పెట్టు" అంది. "ఇంటిపేరుతో."